నిష్ఠూరానికి పడిన మార్కులు

కోవిడ్ తర్వాత బడులు మళ్ళీ తెరిచిన ఏడాది, జూలైలో నాకు పదకొండో తరగతి తెలుగు అప్పగించారు. అప్పటికి నేను ఢిల్లీలోని ఒక తెలుగు పాఠశాలలో పీజీటీని, అంటే పై రెండు తరగతులకు పాఠం చెప్పే హోదా గల ఉపాధ్యాయురాలిని. ఆ ఏడాది మా పాఠశాల అపరిచిత గద్యం కింద కొత్త ప్రశ్న చేర్చింది: రచయిత స్వరం ఎలాంటిది, శైలి ఎలాంటిది, ఆధారంతో రాయండి. అపరిచిత గద్యమంటే పాఠ్యపుస్తకంలో లేని పేరా. బట్టీ పట్టడానికి వీల్లేనిది.

అయినా పిల్లలు బట్టీ పట్టారు. మొదటి యూనిట్ టెస్టులో, కనబడిన ప్రతి రిబ్బనూ కత్తిరించే ఒక నాయకుణ్ణి ఆటపట్టించే పేరా ఇచ్చాను. "రచయిత శైలి సరళంగా, సుందరంగా, మనసుకు హత్తుకునేలా ఉంది" అని తరగతి మొత్తం రాసింది. ఏ గైడులోంచి వచ్చిందో గాని, పెళ్ళికైనా చావుకైనా పనికొచ్చే వాక్యం. నాకు ఒళ్ళు మండింది. ఆ ప్రశ్నకు అందరికీ సున్నా వేశాను.

ఆ సున్నాతో షారోన్ అనే అమ్మాయి మార్కులు బాగా పడిపోయాయి. వాళ్ళది గుంటూరు వైపు కుటుంబం, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో కాపురం. తల్లి నర్సు. తండ్రి ఘాజియాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కూతురికి తెలుగు మార్చి హిందీ ఇప్పించమని ఆయన ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు పెట్టారు. సబ్జెక్టు మార్పుకు ఆ భాష టీచరు సంతకం కావాలి. అర్ధ సంవత్సర పరీక్ష మార్కులు చూశాక నిర్ణయిద్దామని ప్రిన్సిపాల్ అన్నారు.

మర్నాడు షారోన్ స్టాఫ్ రూముకొచ్చి, "మ్యామ్, ప్లీజ్, సైన్ చెయ్యకండి" అంది. హిందీలో మార్కులు తేలిగ్గా వస్తాయి కదా అన్నాను.

"వస్తాయి మ్యామ్. లేకిన్ ఇంట్లో అందరూ తెలుగులో కొట్లాడుకుంటారు. నేనొక్కదాన్నే హిందీలో జవాబిస్తా. అచ్ఛా నహీ లగ్తా, ఏం బాగుండదు."

ఆ మాటే నాకు దారి చూపింది. మరుసటి పీరియడ్‌లో పుస్తకాలు మూయించి, పొద్దున ఇంట్లో అమ్మ ఏమందో ఆమె అన్నట్టే అనమన్నాను. షారోన్ లేచి, "అబ్బో, మహారాణిగారు అప్పుడే లేచారే!" అంది. తరగతి గొల్లుమంది. అదేం స్వరమని అడిగితే "టాంట్" అంది. నేను బోర్డు మీద ఎత్తిపొడుపు అని రాశాను. గంట కొట్టేసరికి బోర్డు నిండిపోయింది: మందలింపు, గద్దింపు, బుజ్జగింపు, దెప్పిపొడుపు, నిష్ఠూరం, సాధింపు. తేడాలు కూడా వాళ్ళ చేతే చెప్పించాను. పాత సంగతి తవ్వి పొడిస్తే దెప్పిపొడుపు. కావలసినవాళ్ళ మీద అలిగి అంటే నిష్ఠూరం. పరాయివాళ్ళ మీద ఎవరూ నిష్ఠూరాలాడరు.

తర్వాత ఒక నియమం పెట్టాను. స్వరానికి పేరు పెట్టినవాళ్ళు ఆ పేరు ఏ మాటను బట్టి పెట్టారో చూపాలి. వాక్యం పొడుగా పొట్టా, మర్యాద మోతాదు మించిందా, ఏ మాట పదేపదే వచ్చింది, ఇవన్నీ శైలి కిందికొస్తాయి. సరళం, సుందరం అని రాస్తే మాత్రం కొట్టేస్తానన్నాను.

అర్ధ సంవత్సర పరీక్షకు ప్రశ్నపత్రం తయారుచేసేదీ, దిద్దేదీ మా పాఠశాలకే ఉన్న వేరే శాఖల తెలుగు టీచర్లు. ఈసారి పేరాలో, చాన్నాళ్ళకు గడప తొక్కిన మేనకోడలితో మేనత్త అంటుంది: "మేమెందుకు గుర్తుంటాం లెండి, పెద్దవాళ్ళయ్యారు. కూర్చోండి, మా కుర్చీలు మీకు ఆనితే." దిద్దేవాళ్ళకిచ్చే జవాబుల సూచికలో దీనికి "ఆప్యాయత" అని ఉంది. షారోన్ నిష్ఠూరం అని రాసింది. సున్నా పడింది.

ఆ పేపరు పట్టుకుని, అన్ని శాఖల తెలుగు పరీక్షలూ చూసే కన్వీనరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నాకన్నా సీనియరు, సూచిక గీసిన గీత దాటని మనిషి. షారోన్ జవాబు చదివి వినిపించాను: "ఇది నిష్ఠూరం. ప్రేమ ఉంది, కాని అలక వెనక ఉంది. ఆధారం: సొంత మేనకోడల్ని మీరు అంటోంది." ఆయన తల అడ్డంగా ఊపారు. నేను వాదనకు దిగకుండా, పేరా ఒక్కసారి పైకి చదవమన్నాను. "లెండి" దగ్గరే ఆయన గొంతు సాగింది. కుర్చీల దగ్గరికొచ్చేసరికి మూతి కూడా తిరిగింది. ఆగి, నవ్వేశారు.

"ఇది మా అక్కయ్య గొంతేనండీ. సూచిక మార్చాల్సిందే" అన్నారు.

అన్ని పేపర్లలోనూ ఆ ప్రశ్న మళ్ళీ దిద్దించారు. నా తరగతిలో సగానికి పైగా నిష్ఠూరమనే రాశారు. ఉద్యోగంలో అంత గర్వపడిన రోజు నాకు మరొకటి లేదు. చెప్పుకోవడానికి సిగ్గుపడను.

తల్లిదండ్రుల సమావేశానికి షారోన్ తండ్రి వచ్చారు. మార్కుల సంగతి ఎత్తలేదు. "ఏం నేర్పారు మేడమ్! ఇంట్లో నోరెత్తితే పేరు పెడతంది. నిన్న కాస్త చదువుకోవచ్చుగా అన్నానో లేదో, 'డాడీ, ఇది సాధింపు, పొద్దుట్నుంచీ అదే మాట' అంది" అన్నారు. ఏ భాషలో అంది అని అడిగాను. "తెలుగులోనేనండీ" అన్నారు. ఆ రోజే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.

రాతలో స్వరాన్ని పోల్చుకునే మాటలు చాలావరకు తెలుగువాళ్ళ వంటింట్లోనే ఉన్నాయి. వాటిని తరగతిలోకి పిలిచి ఆధారం అడగడం వరకే టీచరు పని. ఆ పని నేను చేశాను.