నీళ్లు తాగకుండా పాలమూరు ప్రయాణం

ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదని ఊరంతా ఎక్కి తిరుగుతుంటే, మా సుశీలక్క మాత్రం ఏడాదిగా ఆత్మకూర్ దాటలేదు. నకిరేకల్‌లో మనవడి పుట్టువెంట్రుకలకు కూడా రానంది. "మోకాళ్లు గుంజుతున్నయే" అంది. నాకు ఒళ్లు మండి గట్టిగా నిలదీస్తే ఏడ్చేసింది. ఒంటికి వస్తే ఆగదట, పోతే మంటట. బస్సులో చీర తడిస్తే ఎట్లా అని భయం. మర్నాడే పాలమూరు బయల్దేరదీశాను.

పొద్దున ఏడింటి బస్సు ఎక్కితే దేవరకద్ర మీదుగా దాదాపు రెండు గంటలు. దారిపొడుగునా అక్క చుక్క నీళ్లు ముట్టలేదు. పెదవులు ఎండిపోయి కూర్చున్న ఆమెను చూస్తే జాలేసింది. బస్టాండు నుంచి దవాఖానకు ఆటోకు యాభై రూపాయలు.

"ఏమైందమ్మా?" అంది డాక్టరమ్మ.

"కడుపుల మంట మేడం."

"కడుపుల కాదు మేడం, ఒంటికి పోతే మంట!" అన్నాను. "ఊర్ల ఆర్ఎంపీకి గూడ సిగ్గుపడి గిట్లనే చెప్పింది. ఏడాది సంది గ్యాసు గోలీలు మింగుతాంది."

డాక్టరమ్మ నవ్వలేదు. "ముట్టు ఆగి ఎన్నేండ్లయింది?"

"నాలుగేండ్లు. దానికీ దీనికీ ఏం సంబంధం మేడం?" అంది అక్క.

ఉందట. ముట్టు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి, మూత్రం వచ్చే దారి చుట్టూ ఉండే పొర పలచబడి పొడిబారుతుంది. మంట, ఆపుకోలేకపోవడం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ అందుకే. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మంట ఇంకా ఎక్కువవుతుంది. మూత్రపరీక్ష చేయించి, పాత జబ్బులన్నీ అడిగి, లోపల రాసుకునే ఆ హార్మోను క్రీము రాసిచ్చింది. మూత్రాన్ని ఆపే కింది కండరాలు బిగించి వదలడం నేర్పింది. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పింది.

"నాకొక్కదానికే అనుకున్న మేడం" అంది అక్క మెల్లగా.

తిరుగు బస్సులో అక్క నీళ్లు తాగింది. మరికల్ దాటాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను లేచేలోపే తనే నిలబడింది.

"బిడ్డా, జర బస్సు ఆపు. ఒంటికి పోవాలె."

సిగ్గుతో నేను తల దించుకున్నాను. డ్రైవరు బండి పక్కకు తీశాడు. "పోయిరా అమ్మా, ఫికర్ జెయ్యకు."

అక్క వెనకే ఒకామె దిగింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు. "నువ్వు అడిగినవు గాబట్టి బతికినం అక్కా" అంది అందులో ఒకామె.

ఇన్నాళ్లూ ఎంతమంది పంటి బిగువున కూర్చుని ప్రయాణం చేశారో అనిపించింది. అమ్మనో అక్కనో దవాఖానకు తీసుకెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముట్టు ఎప్పుడు ఆగిందో డాక్టరుకు అడగకముందే చెప్పండి. బస్సు కదిలాక అక్క నకిరేకల్‌కు ఫోన్ చేసింది. "పుట్టువెంట్రుకలకు నేనొస్తున్న బిడ్డా. తొవ్వల రెండుసార్లు బస్సు ఆపిస్త, గంతే."