ఫ్లోరెన్సులో పస్తులు

అరబ్బు దేశంలో, బుసైతీన్ అనే ఊళ్ళో నేను పనిచేసిన ఇంట్లో ఇల్లాలిని ‘మామా’ అని పిలవాలి. అరబ్బుల ఇళ్ళలో అది అమ్మ లాంటి మాట. మా గోదావరి వైపు మామంటే మీసాలుండాలి, కనీసం పంచె అయినా ఉండాలి. మొదటి నెలంతా ఆ పిలుపు పిలిచినప్పుడల్లా నవ్వు ఆపుకోవడమే నాకు పెద్ద డ్యూటీ. ఆవిడ అత్తగారు ‘మామా కబీర’, అంటే పెద్దమామ. ఆవిడకి నిజంగానే కాస్త మీసం ఉండేది కాబట్టి ఆ పిలుపుతో ఇబ్బంది లేకపోయింది.

చిన్నావిడని ఇక్కడ మేడమ్ అంటాను. మంచి మనిషే గానీ హోటళ్ళ పిచ్చి. మనామా పట్నంలో కొత్త హోటలు తెరిస్తే వంటవాళ్ళు టోపీలు సర్దుకునేలోపే వెళ్ళి కూర్చునేది. అది చాలక ఒక వేసవిలో ఇటలీ వెళ్దామని భర్తని ఒప్పించింది. ఫ్లోరెన్సని ఒక పాత ఊరుందట, అక్కడి పేరుమోసిన హోటళ్ళలో వరసపెట్టి భోంచెయ్యాలట. పెద్దమామని ఒంటరిగా వదల్లేరు కాబట్టి ఆవిడా, వాళ్ళ మూడేళ్ళ పాపకి తినిపించడానికి నేనూ బయల్దేరాం. పనిలో చేరిన రోజు నుంచీ వాళ్ళ బీరువాలో పడుకున్న నా పాస్‌పోర్టు మొదటిసారి లేచి కూర్చుంది.

శుక్రవారం మా తెలుగు సహవాసంలో ఈ సంగతి చెప్తే పాస్టరుగారు నన్ను నిలబెట్టి ప్రార్థన చేశారు. ఈ సహోదరి అపొస్తలులు నడిచిన దేశంలో నడవబోతోందన్నారు. నేను నడవబోయేది పాప గిన్నె పట్టుకుని అని ఆయనకి చెప్పడం బాగుండదని నేనూ ఆమెన్ అన్నాను.

మొదటి భోజనం ఒక పాత రాజుగారి మేడలో పెట్టిన హోటల్లో. పైకప్పు నిండా రంగు బొమ్మలు, ఒక్కదానికీ ఒంటి మీద నూలుపోగు లేదు. పెద్దమామ ఎత్తిన తల దించేసింది. నేను ఎత్తిన తల దించలేదు. ఇంతలో తెల్ల చేతితొడుగుల మనిషొకడు చిన్న ముక్కాలిపీట తెచ్చి మేడమ్ కుర్చీ పక్కన పెట్టాడు. దాని మీద ముఖమల్ గుడ్డ. పనిమనిషికి కూడా ఎంత మర్యాద చేశారు, దొరలంటే దొరలే అనుకుని వెళ్ళి దాని మీద కూర్చున్నాను.

ఆ మనిషి నన్ను చూశాడు, మేడమ్ చేతిలో వేలాడుతున్న హ్యాండ్‌బ్యాగుని చూశాడు. మేడమ్ మొహం ఎర్రబడింది. ఆ పీట బ్యాగుదని అప్పుడు తెలిసింది. లేవబోతే అతను వద్దని సైగ చేసి, లోపలికెళ్ళి ఇంకో పీట తెచ్చి నా పక్కనే వేశాడు. దాని మీద బ్యాగుని కూర్చోబెట్టాడు. పెద్దమామ బుర్ఖా కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కాసేపటికి నన్ను కుర్చీలోకి మార్చారు గానీ, అంతవరకూ నేనూ ఆ బ్యాగూ తోడికోడళ్ళలా పక్కపక్కనే కూర్చున్నాం.

ఇక తిండి. మాంసం హలాల్ కాదని వాళ్ళు చేపలూ కూరలూ చెప్పారు. చేటంత పళ్ళెం వచ్చింది. మధ్యలో పిట్ట రెట్టంత పచ్చడి, దాని మీద వేలెడు చేపముక్క, చుట్టూ నురగ. పప్పు పొంగినప్పుడు మా అమ్మ గరిటెతో తీసి పారబోసే నురగ, అచ్చం అదే. తర్వాత ఒకడు నల్లటి గడ్డ తెచ్చి, దేవుడి ప్రసాదంలా అందరికీ చూపించి, చిన్న తురుముపీట మీద గీరి రేకులు రాల్చాడు. అది నేలలో దొరికే ఖరీదైన పుట్టగొడుగని మేడమ్ కళ్ళు మూసుకుని చెప్పింది. పెద్దమామ వాసన చూసి, ఇది మన ఫగ్గాయే కదా అంది. చలికాలం వానలు పడ్డాక ఎడారిలో దొరికే గడ్డని వాళ్ళు అలా అంటారు. మా ఇంట్లో బేసిన్ల కొద్దీ ఉడకబెట్టేవాళ్ళం, వీళ్ళకి ఇంత పిసినారితనమేమిటని అడిగింది. ఆవిడ కొడుకు వినబడనట్టు నీళ్ళు తాగాడు.

అయిదో పళ్ళెం తర్వాత కూడా అన్నం జాడ లేదు. పాప బల్ల మీదే నిద్రపోయింది. పెద్దమామ కాళ్ళు పట్టేశాయని, కాస్త నడవాలని లేచి నా చెయ్యి పట్టుకుంది. వీధిలోకి రాగానే కాళ్ళు వాటంతటవే బాగయ్యాయి.

రెండు సందులు తిరిగేసరికి మార్కెట్టు పక్కన ఒక బండి, చుట్టూ కూలివాళ్ళ గుంపు. పెద్ద గుండిగలో ఏదో ఉడుకుతోంది. ఆ వాసనకి నా కడుపు నాకంటే ముందే వెళ్ళి నిలబడింది. తొంగిచూస్తే బోటీ. ఆవు పేగులూ పొట్టా ఉడకబెట్టి, ముక్కలు కోసి, రొట్టెలో పెట్టి, పచ్చటి చట్నీ పోసి ఇస్తున్నారు. పెద్దమామకి అరబ్బీలో ‘కర్ష్’ అని చెప్పాను. ఆవిడ మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే ఆరిపోయింది. హలాల్ కాదు కాబట్టి ఆవిడ తినకూడదు.

“నువ్వు తిను,” అంది. “తిని నాకు చెప్పు.”

నాకొకటి కొనిపెట్టి పక్కనే నిలబడింది. మెత్తగా ఉందా, జిగురు తగులుతోందా, కారముందా అని అడుగుతూనే ఉంది. నోటినిండా పెట్టుకుని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. మా ఊరి వంట కన్నా ఉప్పు తక్కువ గానీ చాలా బాగుందన్నాను. ఆవిడ తనే నములుతున్నట్టు దవడ ఆడించింది. సంచిలోంచి రెండు ఖర్జూరాలు తీసి తింది. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నమయ్యేసరికి ఆవిడ కాళ్ళు పట్టేసేవి.

బుసైతీన్ తిరిగొచ్చాక మేడమ్ ఆడబడుచుల్ని భోజనానికి పిలిచింది. మొత్తం ఫ్లోరెన్సు పద్ధతిలోనే జరగాలంది. పళ్ళేనికి మూడు రొయ్యలు. నురగ మిక్సీలో చెయ్యమంది. వంటింట్లో బాగానే నిలబడింది గానీ హాల్లోకి తీసుకెళ్ళేసరికి చల్లారి, ఎవరో ఉమ్మినట్టు తయారైంది. ఆడబడుచులు మర్యాదస్తులు, వరసగా వచ్చిన మూడు పళ్ళేలూ ఓపిగ్గా ఖాళీ చేశారు. తర్వాత పెద్ద ఆడబడుచు గొంతు తగ్గించి, భోజనం ఎప్పుడు పెడతారని నన్నడిగింది. పెద్దమామ ఆ మాట కోసమే కూర్చున్నట్టు ఇటలీ కథంతా మొదలుపెట్టింది. కొడుకూ కోడలూ మమ్మల్ని ఆకలితో మాడ్చి తీసుకొచ్చారని చెప్తుంటే హాలంతా నవ్వులు.

మేడమ్ వంటింట్లోకి వచ్చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. చెప్పులు విడిచి, మూతలు తీసి చూసి, మూల నేను నాకోసం బెండకాయలేసి పెట్టుకున్న చేపల పులుసు గిన్నె దగ్గర ఆగింది. అడక్కుండానే గరిటెడు అన్నం, పులుసు వేసి ఇచ్చాను. నిలబడే, చేత్తో కలుపుకుని తింది. ముక్కు కారుతున్నా ఆగలేదు. రెండోసారి వెయ్యమంది.

“అత్త తనకి ఆకలేసిందని అందరికీ చెప్తోంది,” అంది. “నాకూ వేసింది. రోజూ బాత్‌రూములో కూర్చుని పాప బిస్కట్లు తిన్నాను.”

ఆ బిస్కట్లు తరిగిపోతుంటే నేను పెద్దమామని అనుమానించాను. ఆ మాట పైకనకుండా, మరి ఎందుకు వెళ్ళారని అడిగాను.

వేళ్ళు నాకుతూ కాసేపు ఆలోచించింది. “అక్కడ కూర్చున్నంతసేపూ నేనెవరి కోడల్నీ కాను,” అంది.

ఇంకో చేపముక్క వేశాను. తర్వాత మేడమ్ మొహం కడుక్కుని, లిప్‌స్టిక్ దిద్దుకుని, బయటి హోటలు నుంచి బిర్యానీ తెప్పించమని చెప్పి, ఏమీ జరగనట్టు హాల్లోకి వెళ్ళి కూర్చుంది.

మరుసటి వేసవిలో వాళ్ళు పారిస్ వెళ్ళారు. ఈసారి పెద్దమామ మోకాళ్ళ నొప్పులని ముందే చెప్పేసింది, ఆ మోకాళ్ళని చూసుకోవడానికి నేను ఉండిపోయాను. విమానం లేచిన మర్నాడు పొద్దున్నే ఆవిడ నాకంటే ముందు పక్క ఊరు ముహర్రక్‌లో చేపల మార్కెట్టులో ఉంది, అందరితో బేరాలాడుతూ. సాయంత్రం పారిస్ నుంచి ఫోనొచ్చింది. ఇవాళేం వండావని మేడమ్ అడిగింది. చెప్పాను. చేపల పులుసని. పులుసులో బెండకాయలు కూడా వేశావా అని అడిగింది.