ట్రెబుల్ జర పెంచు

మా అన్న పెళ్లి ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. మేముండేది బోధన్‌లో, ఆర్కెస్ట్రా నిజామాబాద్‌ది. పెళ్లిళ్లు మొదలైతే ఇటు ఎడపల్లి నుంచి అటు మహారాష్ట్ర ఊళ్ల దాకా వ్యానులో తిరిగేవాళ్లు. స్టేజీ మీద అన్న నిలబడే చోటు ఎప్పుడూ ఒకటే, మనిషెత్తు స్పీకర్ల పక్కన. ఇంటికొచ్చాక చెవులు గుయ్యిమంటున్నాయని తల విదిలించుకుని నవ్వేవాడు. పడుకుని లేస్తే తగ్గుతుందిలే అనుకునేవాళ్లం.

డీజే పెట్టెలొచ్చాక ఆర్కెస్ట్రాను పిలిచేవాళ్లు కరువయ్యారు. గుంపు చెదిరింది. ఆంప్లిఫయరు గుంపు నడిపినాయనది కాబట్టి ఆయనే తీసుకుపోయాడు. అన్నకు గిటారు మిగిలింది. ఆంప్లిఫయరు లేకపోతే ఎలక్ట్రిక్ గిటారు మోగదు. తీగల టిక్కుటిక్కు మాత్రం వినబడుతుంది. అన్న మంచం మీద కూర్చుని అలాగే వాయించుకునేవాడు. అది చూడలేక వదిన పసిపిల్లను ఎత్తుకుని బయటికి వెళ్లేది.

నేను అప్పుడు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. వాళ్లు తీసేసిన పాత కంప్యూటరు ఒకటి మా ఇంట్లో ఉండేది. నాతో పనిచేసే ఒకాయన, ఆంప్లిఫయరు మోతను కంప్యూటర్లోనే పుట్టించే సాఫ్ట్‌వేరు ఉందని చెప్పి సీడీ ఇచ్చాడు. గిటారు వైరుకు చిన్న పిన్ను తగిలించి కంప్యూటరుకు గుచ్చాను. తెర మీద ఆంప్లిఫయరు బొమ్మ, దాని కింద తిప్పే మీటల బొమ్మలు వచ్చాయి. అన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి తీగల మీద చెయ్యి వేశాడు. వేసి ఆగిపోయాడు.

"గిది ఏడికెళ్లి వస్తున్నది చెల్లె?"

"కంప్యూటర్లకెళ్లే అన్నా. గోడ అవుతల ఉన్నోళ్లకు గూడ ఇనబడది."

తీగ మీటాక కొంచెం ఆలస్యంగా మోగేది. తన వెనకాల ఇంకెవడో వాయిస్తున్నట్టుందని విసుక్కున్నాడు. సెట్టింగులు మార్చి మార్చి దాన్ని కొంత దారికి తెచ్చాను. సంగతి తెలిసి మా పాస్టరయ్య క్రిస్మస్‌కు పాటల సీడీ చేయమన్నాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే, కరెంటు ఉన్నంతసేపు రికార్డింగు పెట్టుకునేవాళ్లం. అన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాడు.

"ట్రెబుల్ జర పెంచు" అనేవాడు. సన్నటి శబ్దాలను పైకి తెచ్చే మీట అది. పెంచేదాన్ని. "ఇంకా జర." ఒక ఆదివారం మీట చివరిదాకా పోయింది. అన్న ముఖం విచ్చుకుంది. నేను హెడ్‌ఫోన్లు అందుకుని విన్నాను. స్టీలు పళ్లాన్ని మేకుతో గీకినట్టుంది. పళ్లు జివ్వుమన్నాయి.

"అన్నా, గిది చెవుల్ల గుచ్చుతున్నది."

"నీకేమెరుక? గిప్పుడే సక్కగ ఇనబడుతున్నది."

తగ్గించి చూస్తే దుప్పటి కప్పినట్టుందన్నాడు. ఆర్కెస్ట్రా అలవాటేమో అనుకున్నాను.

వదినకు అన్న మీద ఒక కోపం ఉండేది. పిల్ల ఉయ్యాలలో గుక్కపెట్టి ఏడుస్తున్నా పక్కనే కూర్చుని కదలడని. ఆ ఆదివారం కూడా అదే గొడవైంది. "ఏడుస్తనే లేదు గదా" అన్నాడు అన్న, నిజాయితీగా. ఆ మాట విన్నప్పుడు నాకు ట్రెబుల్ మీట గుర్తొచ్చింది.

రికార్డింగు సాఫ్ట్‌వేరులో ఒకే స్వరాన్ని ఆగకుండా మోగించే వీలుంది. దాన్ని చిన్న స్పీకర్లలో పెట్టి, శబ్దం తగ్గించకుండా స్వరాన్ని మాత్రం అంతకంతకూ సన్నగా చేసుకుంటూ పోయాను. అన్న తల ఊపుతూ విన్నాడు. ఇంకా సన్నగా చేశాను. వదిన నొసలు ముడిచింది. ఆమె ఒళ్లో పిల్ల స్పీకరు వైపు ముఖం తిప్పింది.

"బంద్ జేసినవెందుకు?" అన్నాడు అన్న.

అది మోగుతూనే ఉంది. మా ఇద్దరి ముఖాలు చూశాక ఆయనకు అర్థమైంది. లేచి వచ్చి స్పీకరు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

నిజామాబాద్‌లో చెవుల డాక్టరుకు చూపించాం. లోపలి నరాలు దెబ్బతిన్నాయి, పోయింది మళ్లీ రాదు, ఇక హెడ్‌ఫోన్ల జోలికి పోవద్దన్నాడు. తిరిగొచ్చే బస్సులో వదిన ఏడ్చింది. "పిల్ల ఏడ్తుంటే లేస్తలేడని ఎన్ని మాటలన్ననో" అంది. పక్క సీట్లో అన్న చెరకు బండ్లను చూస్తున్నాడు. బస్సు మోతలో ఆ మాట ఆయనకు చేరలేదు. ఆమె మళ్లీ చెప్పలేదు.

మిగిలిన పాటలు ఆపేద్దామంటే ఒప్పుకోలేదు. హెడ్‌ఫోన్లు లేకుండా, స్పీకర్ల శబ్దం బాగా తగ్గించి వాయించాడు. ట్రెబుల్ మాట ఎత్తలేదు. "నీకెట్ల మంచిగనిపిస్తే గట్ల పెట్టు" అన్నాడు. అంతకుముందు తెర వైపు చూస్తూ వాయించేవాడు. ఇప్పుడు నా ముఖం చూస్తూ వాయించాడు. తప్పు పోయినా ముఖం చిట్లించకుండా కూర్చోవడం నేర్చుకున్నాను.

క్రిస్మస్‌నాడు చర్చిలో ఆ సీడీ వేశారు. జనం బాగుందన్నారు. అన్న అందరికీ తల ఊపాడు. ఇంటికొచ్చాక నన్ను పక్కకు పిలిచాడు.

"నా గిటారు ఎట్లున్నది దాంట్ల? జర చెప్పు."

"మెత్తగ ఉన్నది. మంచిగున్నది అన్నా."

"సన్నతీగ?"

"సన్నతీగ గూడ."

తను ఎన్నడూ చూడని ఊరి గురించి చెప్పించుకుంటున్నట్టు విన్నాడు.

తర్వాత గిటారును నిజామాబాద్‌లో పాత ఆర్కెస్ట్రా అతనికి ఇచ్చేశాడు. కొన్నాళ్లు చెరకు నరకడానికి పోయాడు, పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఏర్గట్ల వైపు పోయాడు. పనిలో వెనక నుంచి పిలిస్తే పలకడని మేస్త్రీలు తిట్టేవాళ్లు. చెవుల్లో మోత మాత్రం ఆగలేదు. "బయటిది పోయింది, లోపటిది పోతలేదు" అని ఒకసారి నాతో అన్నాడు. ఆ తర్వాత ఎన్నడూ దాని సంగతి ఎత్తలేదు.

పిల్లకు మాటలొచ్చాయి. సన్నటి గొంతు. ఆ గొంతే అన్నకు అందదు. నాన్నతో మాట్లాడాలంటే ముందు గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకోవాలని అది ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. ఒక సాయంత్రం బడిలో నేర్పిన పాటేదో పాడుతోంది. అన్న ఎదురుగా కూర్చుని, దాని గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, పాట అయ్యేదాకా కదలకుండా ఉన్నాడు. వదిన చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.