అజ్జ గొంతు, మిడత గొంతు

హుబ్బళ్ళిలోని ఆ అంధ బాలికల హాస్టల్లో అందరికన్నా ముందు కంప్యూటరు నేర్చుకున్న పిల్ల శివలీల. ఎవరో దాత ఒక కంప్యూటరూ, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడరూ ఇచ్చి వెళ్ళాడు. ఆ రీడరు ఖరీదైన సరుకు. దాని గొంతు ముక్కుతో మాట్లాడే ముసలాయన గొంతులా ఉండేది. ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. కన్నడ పేర్లు ఎదురైతే బోసినోటివాడు వేరుశనగలు నమిలినట్టు నమిలేది. పిల్లలంతా కలిసి దానికి అజ్జ అని పేరు పెట్టారు. అటువైపు తాతను అలాగే పిలుస్తారు.

కస్తూరి ఆ హాస్టల్‌కు ఆలస్యంగా వచ్చింది. ఆమెది గదగ్. మెదడువాపు జ్వరం వచ్చి, ప్రాణం మిగిలి చూపు పోయిన పిల్ల. పుట్టుగుడ్డి పిల్లల మధ్య ఆమె ఒక్కతే రంగులు తెలిసినది, ఒక్కతే పొద్దస్తమానం ఏడ్చేది. ఎవరు పలకరించినా గోడవైపు తిరిగి పడుకునేది. ఒక రోజు శివలీల ఆమె జబ్బ పట్టుకుని లాక్కెళ్ళి కంప్యూటరు ముందు కూలేసింది. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లలో ఒకటి తన చెవిలో, మరొకటి ఆమె చెవిలో దోపింది.

"ఏడిస్తే అజ్జ మాటలు వినపడవే. ముందు విను, తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని" అంది.

కస్తూరి చూపుడువేళ్ళు రెండూ పట్టుకుని, మీటల మీద చిన్న గీతలు చేతికి తగిలే చోట పెట్టింది. ఇక్కడి నుంచే అన్నీ మొదలు, దారి తప్పితే మళ్ళీ ఇక్కడికే రా, అని చెప్పింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

చదువులయ్యాక శివలీలకు ధార్వాడలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఆఫీసువాళ్ళు ఆమె కోసం అజ్జను కొన్నారు. తబలా నేర్పే మల్లేశితో పెళ్ళయింది, అతనికి మసకమసకగా చూపుంది. ఒక కూతురు పుట్టింది. అజ్జను ఆమె ఎంత వేగంగా మాట్లాడించేదంటే, పక్క బల్ల వాళ్ళకు అది బ్రేకులు తెగిన లారీ శబ్దంలా వినిపించేది. ఆమె మాత్రం తల వంచుకుని ఒక్క మాట జారిపోకుండా వినేది. వచ్చిన ఉత్తరానికి సాయంత్రంలోపు జవాబు సిద్ధం చేసేది. ఆఫీసులో ఆమె పని గురించి ఎవరూ వేలెత్తి చూపింది లేదు.

కస్తూరికి ఉద్యోగం రాలేదు. పరీక్షలు రాసింది, ఇంటర్వ్యూలకు వెళ్ళింది, "కబురు చేస్తాం" అన్నవాళ్ళు ఎవరూ చేయలేదు. గదగ్‌లో తల్లి పార్వతవ్వతో ఉంటూ (అటువైపు అవ్వ అంటే అమ్మే), ఒక చిన్న శిక్షణ కేంద్రంలో చూపులేని పిల్లలకు కంప్యూటరు చెప్పేది. ఆ పిల్లలకు అజ్జను కొనిపెట్టే స్తోమత కేంద్రానికి లేదు. సరిగ్గా అప్పుడే, చూపులేనివాళ్ళే పూనుకుని తయారుచేసిన కొత్త రీడరు ఒకటి ఉచితంగా దొరకడం మొదలైంది. కస్తూరి దానికి మారిపోయింది. దాని గొంతు సన్నగా, కీచుగా ఉండేది. మొదటిసారి ఫోన్లో విన్నప్పుడు శివలీల పగలబడి నవ్వింది.

"ఇదేం గొంతే, అగ్గిపెట్టెలో మిడతను పెట్టినట్టుంది!"

అప్పటి నుంచి వాళ్ళ ఆదివారపు ఫోన్లలో అదే సరసం.

"ఏమే, నీ మిడత ఇంకా బతికే ఉందా?"

"నా మిడతకు రోజుకో కొత్త రెక్క మొలుస్తోంది. నీ అజ్జ మందులకే జీతమంతా అయిపోతోందా ఏంటి?"

"అజ్జ ముసలాడైనా మర్యాదస్తుడు. నీ మిడతలాగా చెవిలో గీపెట్టడు."

"మర్యాదస్తుడే, కానీ కన్నడం ముక్క రాదు కదా. నా మిడత కన్నడం చదువుతుందే లీలా. ఒక్క ఆదివారం నాకివ్వు, అంతా నేర్పేస్తా."

"పోవే. ఈ వయసులో నాకు అత్తగారిల్లు మార్చే ఓపిక లేదు."

ఒక ఆదివారం కస్తూరి చెప్పాపెట్టకుండా రైలెక్కి వచ్చేసింది. సంచిలో తల్లి చేసిన శేంగా చట్నీపొడి, అంటే వేరుశనగల పొడి, జేబులో కొత్త రీడరు ఉన్న పెన్‌డ్రైవూ. శివలీల ఇంట్లోనే లాప్‌టాప్ మీద ఆఫీసు పని చేస్తోంది. సోమవారం పై అధికారికి పంపాల్సిన నివేదిక. జొన్నరొట్టెలు కాల్చడానికి ఆమె వంటింట్లోకి వెళ్ళిన సందున, కస్తూరి పెన్‌డ్రైవు పెట్టి మిడతను లాప్‌టాప్‌లోకి ఎక్కించింది. వినగానే సంబరపడుతుందనుకుంది.

శివలీల వచ్చి కూర్చుంది. అజ్జ, మిడత ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాయి. ఒకటి ఒక మాట చెబుతుంటే రెండోది దాని మీద పడి ఇంకో మాట చెబుతోంది. సంతలో ఇద్దరు తప్పతాగి అరుచుకుంటున్నట్టుంది. తానెక్కడ ఉందో శివలీలకు అంతుపట్టలేదు. కంగారులో ఏవేవో మీటలు నొక్కింది. చివరికి గొంతులు ఆగేసరికి నివేదిక లేదు. రెండు రోజుల పని తుడిచిపెట్టుకుపోయింది.

"అయ్యో, సేవ్ చెయ్యలేదా? ఉండవే, ఎక్కడో దొరుకుతుంది, వెతుకుతా" అంది కస్తూరి.

"ముట్టుకోకు!" అని అరిచింది శివలీల. "ఎవరు పెట్టమన్నారే దీన్ని? ఉద్యోగం సద్యోగం లేనిదానివి, నీకేం పోయింది? పొద్దస్తమానం కొత్తవి నేర్చుకుంటూ కూర్చోవచ్చు. నా ఇంటిల్లిపాదీ తిండి నా పని మీద ఉంది."

కస్తూరి మెల్లగా, "నిజమేలే, నాకు పోయేదేముంది" అంది. మిడతను లాప్‌టాప్ లోంచి తీసేసింది. సంచి తడుముకుని కర్ర విప్పుకుంది. స్టేషను దాకా దిగబెడతానని మల్లేశి వెంట పరిగెత్తాడు. "దారి నాకు తెలుసన్నా, నువ్వెళ్ళు. రొట్టెలు చల్లారిపోతాయి" అని చెప్పి ఒక్కతే వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం ఫోను మోగింది. చూపులేనివాళ్ళ ఫోన్లు ఎవరు చేస్తున్నారో పేరు కూడా చెబుతాయి. "కస్తూరి గదగ్, కస్తూరి గదగ్" అంటూ అది పిలుస్తూనే ఉంది. శివలీల దాని మీద దిండు పెట్టింది. కోపం తగ్గలేదని అనుకుంది కానీ, నిజానికి ఆపాటికి కోపం ఎప్పుడో పోయింది. ఆ మాట అన్నాక ఆ గొంతు వినడానికి మొహం చెల్లలేదు, అంతే. ఉగాదికి మరోసారి మోగింది. చేతులకు పిండి ఉంది, తర్వాత చేద్దాంలే అనుకుంది. ఆ తర్వాత మళ్ళీ మోగలేదు. కస్తూరి నుంచి ఒకసారి ఏదో ఆడియో పాఠం వచ్చింది. దాన్నీ తెరవలేదు. తానే చేయాలని వారం వారం అనుకునేది. చేస్తే మొదటి మాట ఏమనాలో తేలేది కాదు.

వానాకాలంలో గదగ్ అంతా డెంగీ జ్వరాలు. పాత హాస్టలు పిల్లల వాట్సాప్ గుంపులో రేణుక అనే అమ్మాయి తన గొంతుతో ఒక సందేశం పంపింది. "అక్కలారా, మన కస్తూరక్క పోయింది. నిన్న సాయంత్రం" అని, ఇంకేమీ చెప్పలేక ఆపేసింది. ఆఫీసులో కూర్చుని విన్న శివలీల, తప్పు విన్నానేమోనని మళ్ళీ విన్నది. మళ్ళీ అదే.

మల్లేశితో గదగ్ చేరేసరికి మట్టి చేసేశారు. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆ తడిమట్టి మీద ఆమె చెయ్యి పెట్టించారు. ఇంటికి వచ్చాక పార్వతవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆస్పత్రికి పోతున్నప్పుడు అడిగానమ్మా, లీలకు ఫోన్ చెయ్యనా అని. వద్దవ్వా, దానికి ఆఫీసు పని ఉంటుంది, తగ్గాక నేనే చేస్తా అంది" అని చెప్పింది.

ఆ ముసలామె మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే శివలీల తట్టుకునేదేమో. "నేనే అత్తా, నేనే..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయలేకపోయింది. పార్వతవ్వ వీపు నిమిరి, "తెలుసులే. చిన్నప్పుడు కూడా కొట్టుకునేవాళ్ళుగా" అంది.

ఆ ఏడాదే ఆఫీసులో కంప్యూటర్లన్నీ మార్చారు. కొత్త యంత్రంలో అజ్జ నోరు తెరవలేదు. మళ్ళీ డబ్బు కట్టి కొత్త అజ్జను తేవాలి. సూపరింటెండెంటు పాటీలు మంచివాడే, కానీ చేతులెత్తేశాడు.

"పైనుంచి మంజూరు కాలేదమ్మా. ఉచితంగా దొరికేదేదో ఉందట కదా, అది పెట్టించాను. కొన్నాళ్ళు సర్దుకోండి."

ఇయర్‌ఫోన్లు పెట్టుకోగానే మిడత పలికింది. శివలీల వేళ్ళు అలవాటు ప్రకారం పాత మీటల మీదికే వెళ్ళాయి. నొక్కితే కొన్నిసార్లు ఏమీ పలకదు. కొన్నిసార్లు అడగనిది చెబుతుంది. పట్టికలో ఏ వరుసలో ఉందో తెలియదు. ఒక్క ఉత్తరానికి రోజంతా పట్టేది. మొదట్లో పక్క బల్ల జయశ్రీ వచ్చి చదివిపెట్టింది. తర్వాత ఫైళ్ళు ఆమె బల్ల దాకా రావడమే తగ్గింది. "పాపం, ఎందుకులే ఆమెకు శ్రమ" అని ఎవరో అనడం వినిపించింది. ఇన్నేళ్ళలో ఆ "పాపం" అనే మాట ఆ గదిలో తన గురించి ఆమె వినలేదు. చూపు పోవడం అంటే ఏమిటో పుట్టుగుడ్డికి ఏం తెలుస్తుంది? నిన్నటిదాకా నడిచిన ఇంట్లో ఇవాళ గోడలు తగలడం ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. హాస్టల్లో గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల గుర్తుకొచ్చింది.

రేణుకకు ఫోన్ చేసి కొత్త రీడరు గురించి అడిగితే ఆమె ఆశ్చర్యపోయింది. "కస్తూరక్క పాఠాలున్నాయి కదక్కా! మేమందరం అవి వినే మారాం. నీ దగ్గర లేవా?"

ఉన్నాయి. తెరవనిది ఒకటి ఫోన్లోనే ఉంది.

ఒక మధ్యాహ్నం కూతురిని తీసుకుని మల్లేశి బయటికి వెళ్ళాక దాన్ని తెరిచింది.

"నమస్కారం. నేను గదగ్ కస్తూరిని. ముందు నీళ్ళు తాగి కుదురుగా కూర్చోండి. ఇది అత్తగారితో వేగినంత కష్టమేం కాదు. అజ్జ దగ్గర నుంచి వచ్చినవాళ్ళకు ఒక మాట. మీ చేతులు పాత దారికే పోతాయి. పోనివ్వండి, వాటిని తిట్టకండి. నేనూ కొన్నాళ్ళు ఏడ్చాను. నాకు కంప్యూటరు నేర్పింది నా స్నేహితురాలు. ఏడిస్తే వినపడదే, ముందు విను అనేది. అదే మీకూ చెబుతున్నా. దాని పేరు చెప్పను, ఒట్టి కోపిష్టిది" అని ఆ గొంతు నవ్వింది.

పాఠం ఎప్పుడు చేసిందో తేదీ చూసింది. వాళ్ళిద్దరి గొడవ తర్వాతదే.

శివలీల ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అవి ఒళ్ళో సన్నగా మాట్లాడుతూనే ఉన్నాయి. చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, తాను వినడం ఆపిన చోటి నుంచి కాదు, మొదటి నుంచే మళ్ళీ పెట్టింది.

మిగిలిన పాఠాలు రేణుక పంపింది. అలా ఆదివారాలన్నీ కస్తూరితోనే గడిచాయి. ఆమె "ఇప్పుడు మీరు నొక్కండి" అని ఆగేది, శివలీల నొక్కేది. "వచ్చిందా? రాకపోతే మళ్ళీ" అనేది, శివలీల మళ్ళీ నొక్కేది. ఒకసారి తెలియకుండానే "వచ్చిందే" అని పైకే అనేసింది. చివరి పాఠంలో కస్తూరి, "వచ్చేసారి లెక్కల పట్టికలు చూద్దాం, అవి కొంచెం మొండివి" అంది. ఆ వచ్చేసారి లేదు. ఆఫీసులో శివలీలకు కావలసినవి ఆ పట్టికలే. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, తప్పులు చేసి, ఎలాగో పట్టుకుంది. ఫైళ్ళు మళ్ళీ బల్ల మీదికి వచ్చాయి. పాత వేగం మాత్రం రాలేదు. మిగిలిన పాఠాలు నువ్వు పూర్తి చెయ్యక్కా అని రేణుక అడిగింది. శివలీల ఒకసారి రికార్డు చేయడానికి కూర్చుంది కూడా. "నమస్కారం" దగ్గరే ఆగిపోయింది. వదిలేసింది.

కస్తూరి సంవత్సరీకం రోజున గదగ్ వెళ్ళింది. పార్వతవ్వ దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. కూతురు ఏవో పాఠాలు చెబుతుండేదని తెలుసుగానీ, అవి ఎక్కడికి పోయాయో, ఎవరు విన్నారో తెలియదు.

"నువ్వు విన్నావా? నాకూ వినిపిస్తావా?" అని అడిగింది.

శివలీల ఫోను ముసలామె చెవి దగ్గర పెట్టింది. కంప్యూటరు తెర మీది కిటికీలు మూయడం, తెరవడం గురించి కస్తూరి చెబుతోంది. పార్వతవ్వకు అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు, ఊపిరి బిగబట్టి వింటోంది. మధ్యలో ఎక్కడో దూరం నుంచి ఒక కేక వినిపించింది: "ఏయ్ కస్తూరీ, అన్నానికి రావే, ఎంతసేపు!" వెంటనే కస్తూరి, "వస్తున్నానవ్వా, ఒక్క నిమిషం" అని, మళ్ళీ పాఠం అందుకుంది.

"అది నేనే" అంది పార్వతవ్వ. "నేనే పిలుస్తున్నా."

ఆ చోటు మళ్ళీ పెట్టమంది. శివలీల వెనక్కి జరిపి పెట్టింది. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి పెట్టింది. వంటింట్లో చుట్టాలు వడ్డనకు పిలుస్తున్నా, ఇద్దరూ లేవలేదు.