మస్తానమ్మ పంచిన గోధుమలు

మస్తానమ్మ గురించి చెప్పాలంటే ముందు నా సంగతి ఒప్పుకోవాలి. ఆమెను నేను దొంగ అన్నాను. నలభై మంది ముందు, నోరారా అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఎలిశబెతు పెళ్ళయిన వారానికే ఈ సంగతి కనిపెట్టి, ఇక చేసేదేముందని ఊరుకుంది.

నేను కోట అనే ఊళ్ళో రైసు మిల్లులో గుమాస్తాని. అరవై అయిదులో వాన ముఖం చాటేసింది. వడ్లు రాలేదు, మిల్లు ఆగింది, నన్ను ఇంటికి పొమ్మన్నారు. మన ఒక్క ఊరే కాదు, దేశం దేశమంతా అట్లాగే ఉందని పేపరు చదివినవాళ్ళు చెప్పేవారు. ధరలు మండిపోతున్నాయి, బియ్యం కనబడటం లేదు. మరుసటేడు జూన్‌లో రూపాయి విలువ తగ్గించారని రేడియోలో చెబితే, తగ్గించడానికి మన దగ్గర రూపాయి ఎక్కడుందిరా నాయనా అని నవ్వుకున్నాం. నవ్వడానికైతే ఖర్చు లేదు కదా.

ఆ వేసవిలోనే ప్రభుత్వం కరువు పనులు తెరిచింది. ఉప్పునేలల మీదుగా సముద్రపొడ్డున ఉన్న సవకలపాళెం దాకా ఎత్తుగా మట్టి పోసి కట్టరోడ్డు వెయ్యాలి. కూలి గోధుమల్లో ఇస్తారు. హాజరు పట్టీ రాసే రైటరు పని నాకు దొరికింది. ఇద్దరు పిల్లల తండ్రిని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాను.

సవకలపాళెం చేపలు పట్టేవాళ్ళ ఊరు. సముద్రంలో చేపలకేం కరువు లేదు. కానీ ఎండుచేపలు ఇచ్చి పైఊళ్ళలో వడ్లు తెచ్చుకోవడం వాళ్ళ అలవాటు. పైఊళ్ళలోనే వడ్లు లేకపోతే ఎవరిస్తారు? ఉత్త చేపలు ఎన్నాళ్ళని తింటారు? నేను వెళ్ళేసరికి పిల్లల మోచేతులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

మొదటి శనివారం బస్తాలు దిగాయి. వాటి మీద రెండు చేతులు కరచాలనం చేస్తున్న బొమ్మ. ఊరంతా చుట్టూ మూగింది. ఈ గింజ భూమికి అవతలి వైపు పండిందనీ, ఓడెక్కి మద్రాసుకొచ్చిందనీ చెప్పాను. ఒకామె గింజను కళ్ళకద్దుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది. ఎక్కడి గింజ, ఎక్కడి ఉప్పునేల! కోట్ల నోళ్ళున్న దేశంలో సవకలపాళెం ఆకలి ఢిల్లీలో ఎవరికో తెలిసి, ఇక్కడిదాకా బస్తా రావడం చిన్న సంగతా?

తూచి ఒక్కొక్కరికీ పోశాను. వాళ్ళేం చేశారో తెలుసా? అందరూ తమ గోధుమలు తీసుకెళ్ళి ఇసకలో పరిచిన గోనెపట్టా మీద ఒకే కుప్పగా పోశారు. కుప్ప ముందు యాభై ఏళ్ళ మనిషి, నల్లగా, సన్నగా, చీర కుచ్చెళ్ళు బిగించి కూర్చుంది. ఆమే మస్తానమ్మ. వల ఒడ్డుకొస్తే చేపలను వాటాలు చేసి పాళ్ళు వేసేది ఆ ఊళ్ళో ఆమే. మనిషికొకటి, తెప్పకొకటి, వలకొకటి. త్రాసు లేదు, దోసిళ్ళే. ఆమె వేసిన పాలు తక్కువైందని ఎవరూ అనగా నేను వినలేదు. నేను అరగంట చెమటోడ్చి తూచినదంతా ఒక్క క్షణంలో కలిపేసి మళ్ళీ పంచుతుంటే నాకు ఒళ్ళు మండింది. పని చెయ్యలేని ముసలివాళ్ళకు కూడా పాలు వేసింది. పోనీలే, వాళ్ళ గింజలు వాళ్ళిష్టం అనుకున్నాను.

రోడ్డుకు మట్టి తవ్వి తియ్యడానికి ఒక్కొక్కరిదీ ఒక్కో గుంత. లోతు కొలవడానికి నడుమ మట్టిదిమ్మ వదిలేస్తారు. సాయంత్రం నేను కర్రతో కొలుస్తాను. అందరిలోకీ మాలకొండయ్య గుంత ముచ్చటగా ఉండేది. అంచులు గీసినట్టు, లోతు ఎప్పుడూ నాలుగు వేళ్ళు ఎక్కువే. పొద్దున పేరు పిలిస్తే "ఉండాడు" అని గుంపులోంచి పలికేవాళ్ళు. ఎండకు తలగుడ్డలు కప్పుకున్న మనుషులు. నేను కాగితంలోంచి తలెత్తితే కదా! ఆరు వారాలు గడిచాక, ఇంత పనిమంతుణ్ణి మేస్త్రీని చేద్దామని నాకు మహా బుద్ధి పుట్టింది.

"మాలకొండయ్యను పిలవండి" అన్నాను.

మస్తానమ్మ గంప దించి, సముద్రం వైపు చెయ్యి చూపింది. "ఆడుండాడయ్యా."

"పని మానేసి చేపలకు పోయాడా?"

"చేపలకే పొయ్యినాడు. కార్తీకంలో పొయ్యినాడు. ఇంకా రాలా."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఇక చూడండి! చచ్చిపోయినవాడి పేరున గోధుమలా, దొంగల్లారా అని అరిచాను. మస్తానమ్మ మొహం కూడా చిట్లించలేదు.

"శవం ఒడ్డుకు రాని మనిషికి ఏడాది దాకా పాలు తియ్యాల. మా కట్టు అది. నా మొగుడు పొయ్యినప్పుడు నాకూ తీసినారు, దాంతోనే బతికినా. వాడి పెళ్ళాం గురవమ్మ పచ్చి బాలింత, గంప ఎత్తలేదు. అందుకని వాడి గుంత మేమే తలా కాస్త తవ్వినాం. తవ్వకుండా ఒక్క గింజ తిన్నామా? గుంత బాగుందని నువ్వే గదయ్యా అంటివి?"

అన్నాను, నిజమే. నా మీద నాకొచ్చిన కోపాన్ని కూడా వాళ్ళ మీదే చూపించి, విసవిసా నడిచి కోటకు వెళ్ళిపోయాను. పేరు కొట్టేస్తే పాత హాజరు సంగతేమిటని అడుగుతారు. కొట్టెయ్యకపోతే దొంగపట్టీ రాసినవాణ్ణవుతాను. మర్నాడు పనికి తిరిగొచ్చాను గానీ, రెండు రోజులు ఎటూ తేల్చుకోలేక ఆ పేరు అట్లాగే ఉంచాను.

మూడోనాడు జీపు వచ్చింది. రిలీఫ్ పనుల ఆఫీసరు దిగి తలలు లెక్కపెట్టాడు. "పేర్లు నలభై ఒకటి. మనుషులు నలభై. మిగతా ఒకరేరీ?"

నేను నోరు తెరిచేలోగా మస్తానమ్మ ముందుకొచ్చింది. జ్వరమనో, ఊరికెళ్ళాడనో అంటే సరిపోయేది. ఆమె నాకు చెప్పినట్టే, ఒక్క మాట దాచకుండా చెప్పేసింది. "పేరు పలికించింది నేనే సామీ. తీస్తే నన్ను తియ్యండి, పని మాత్రం ఆపొద్దు" అంది.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. స్వయంగా గుంతలో దిగి కొలిచాడు. ఒడ్డెక్కి, బూట్లకు అంటిన ఉప్పుమట్టిని పుల్లతో గీకాడు. "గుంత ఉంది. మనిషి లేడు. మనిషి లేకుండా గుంత తవ్వినట్టు రాయడానికి నా కాగితంలో గడి లేదు" అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. "ఊరంతా కలిసి నిన్ను మోసం చేసిందంటే ఇక్కడ పని మూసేస్తారు. నీకు తెలిసే జరిగిందంటే నీ ఉద్యోగం పోతుంది. పని సాగుతుంది. ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

నా ఇద్దరు పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. తెలియదంటే చాలు, అది దాదాపు నిజం కూడా. తలెత్తి చూశాను. నలభై మంది పారలు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కరు కూడా నన్ను బతిమాలలేదు. లేని మనిషి కోసం రోజూ తలా నాలుగు గంపల మట్టి ఎక్కువ మోసిన మనుషులు వీళ్ళు. నేను దొంగలన్నది వీళ్ళనే. పెద్దదొరల ముందు కూడా ఎప్పుడూ అంత బెరుకు పడలేదు నేను. సిగ్గుతో తల వాలిపోయింది.

"తెలుసు సార్. మొదటి రోజు నుంచీ తెలుసు" అన్నాను.

అబద్ధమే. ఆదివారం చర్చిలో క్షమాపణ అడిగాను గానీ, ఎక్కువసేపు అడగలేదు.

ఆ మధ్యాహ్నమే పట్టీ అప్పగించి గొడుగు తీసుకున్నాను. ఎలిశబెతుకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నడుస్తుంటే మస్తానమ్మ వెనకే పరుగున వచ్చింది.

"ఇంట్లో పిలకాయలు ఎందరయ్యా?"

"ఇద్దరు. ఎందుకు?"

వేళ్ళ మీద లెక్కేసుకుంటూ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ శనివారం పాళెం నుంచి ఏడు మైళ్ళు నడిచి ఒకామె మా గుమ్మంలో గోధుమల మూట దించింది. మరుసటి శనివారం ఇంకొకామె. ఎలిశబెతు మూట ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నాలుగో వారానికి నాకు అభిమానం పొడుచుకొచ్చి, వద్దని చెప్పడానికి పాళెం వెళ్ళాను. కుప్ప ముందు మస్తానమ్మ పాళ్ళు వేస్తోంది.

"నేను మీకేమవుతానని ఇస్తున్నారు? ఒక్క గంప మట్టి మోసినవాణ్ణి కాదు!" అని కసిరాను.

ఆమె దోసిలి ఆపకుండానే అంది: "మునిగిపొయ్యినోడికి ఇచ్చినామే, మాకోసం నిలబడినోడికి ఇయ్యమా? కూసో, కూడు తినిపో."