గట్టు మీది కంది కట్టె

ఫ్యాక్టరీ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా వీధిలో జొన్నరొట్టెలు కాల్చి అమ్మే అవ్వే. కోయిలకుంట్ల దారిలో పెడతారట. కంది కట్టె, పత్తి కట్టె కొని పెట్రోలులో కలిపే ఇంధనం తీస్తారట. మా చేను గట్టు మీంచి తెచ్చుకున్న కట్టెను పెరట్లో మోపు కట్టుకుంటూ అవ్వ పగలబడి నవ్వింది.

"ఇంగ మన కట్టెతో బస్సులు నడుస్తాయంటమ్మా! ఇన్నాళ్లూ నేను రొట్టెలకే తగలేస్తి గదా!"

కంది కోత అయ్యాక గట్టు మీద వేసిన కట్టె ఆమెదే. మా మామగారి కాలం నుంచీ అంతే. మేము ఇచ్చామనం, ఆమె అడిగాననదు. ఇచ్చింది నోటితో చెప్పుకుంటే దేవుడికి చేరదని మా ఇంట్లో నమ్మకం.

తర్వాత, ఆ ఫ్యాక్టరీతో ఊరికి మేలెంతో కీడెంతో అంచనా వేయడానికి ఒక అమ్మాయి వచ్చింది. కట్టెను ఏం చేస్తారని అడిగింది.

"ఏం జేస్తామమ్మా, గట్టు మీద పడుంటాది" అంది మా అత్త.

"ఎవరైనా వాడుకుంటారా?"

అత్త నా వైపు చూసింది. నేను ఆ అమ్మాయికి మజ్జిగ అందించాను. వీధిలో అందరూ ఇలాగే చెప్పారని తర్వాత తెలిసింది.

పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెట్టి, ఆ అమ్మాయి రాసిన నివేదికను గోడకు అంటించారు. నేను బడికి పోలేదు. ఇంట్లో నాన్న నేర్పిన అక్షరాలే. కూడబలుక్కుని చదివాను. మా ఊరి కట్టె మొత్తం ఎవరికీ ఉపయోగపడని వ్యర్థమని ఉంది. ముందుకు పోయాను.

"సార్, ఆ కట్టె మీద ఒక మనిషి బతుకుతాండాది."

"మరి అడిగినప్పుడు చెప్పలేదేమమ్మా?" అధికారి మర్యాదగానే అన్నాడు.



ఈ ఏడు కోత వెనకే యంత్రం వచ్చింది. కట్టెను తునకలు చేసి లారీకెత్తింది. మా ఆయన ఫ్యాక్టరీకి అమ్ముతానని ముందే ఒప్పుకుని ఉన్నాడు. నేను పెరట్లో ఒక్క మోపు దాచగలిగాను. అది ఎన్ని రొట్టెలకు వస్తుంది? గ్యాసు మీద కాలిస్తే అమ్మే రొట్టె గిట్టదు.

నిన్న అవ్వ వచ్చి అరుగు మీద కూర్చుంది. చేతులకు పిండి లేదు.

"బస్సులు నడుస్తాండాయా అమ్మా?" అంది. ఈసారి నవ్వలేదు.

రోజూ పొయ్యి వెలిగించగానే, ఇంత ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను. ఇవాళ చేతులు జోడించబోయి, అవ్వ పొయ్యి గుర్తొచ్చి దించేశాను. ఎవరైనా వచ్చి మీ చేలో ఉత్తగా పడి ఉండేదేమిటని అడిగితే, పుణ్యం పోతే పోయింది, నోరు తెరిచి చెప్పండి. అప్పుడు మా రొట్టెల అవ్వను ఒక్కసారి తలుచుకోండి.