పిట్టల వాటా

చలికాలంలో బ్యారేజీ దాకా వచ్చే తెల్లటి సముద్రపు పిట్ట ఒకటి మొన్న గవర్నర్‌పేటలో ఒక ఆసుపత్రి కిటికీ కింద, చెత్తకుండీ మీద వాలింది. నా కోతలు ఎరిగినవాళ్లు నమ్మరు గానీ, ఒట్టు, చూశాను. లోపల మంచం మీద మా మామయ్య. మురుగుకాలవలో గుల్ల గుచ్చుకున్న ఆయన పాదానికి మూడో మందూ పనిచేయలేదనీ, మర్నాడు పాదం తీసేయక తప్పదనీ డాక్టరమ్మ అప్పుడే చెప్పి వెళ్లింది.

మా దివిసీమలో ఒకప్పుడు ఆ పిట్టలే మాకు దారి చూపేవి. అవి ఎక్కడ గుంపుగా మునకలేస్తే మామయ్య పడవ అక్కడికే. వల లాగగానే మొదటి గుప్పెడు చేపలు గాల్లోకి విసిరేవాళ్లం. అదే పిట్టల వాటా; ఇవ్వకపోతే మర్నాడు తప్పుదారి పట్టిస్తాయని మావాళ్ల నమ్మకం. ఓ పిట్ట మామయ్య తువాలు ఎత్తుకుపోయి, ఉతికి మడతపెట్టి తెచ్చిచ్చిందని నేను ఊరంతా చెబితే సగం ఊరు నమ్మింది, మిగతా సగం ఇస్త్రీ కూడా చేసిందా అనడిగింది.

తర్వాత పడవ పోయి రొయ్యల చెరువు వచ్చింది. మనుషుల మందు నీళ్లలో పోయొద్దని మామయ్య మొత్తుకున్నా, రొయ్యకు తెగులు తగిలినప్పుడు ఆయన కళ్లుగప్పి మేతలో కలిపింది నేనే, కొలతా పాడూ లేకుండా, దోసిళ్లతో. అయినా చచ్చి తేలాయి. పూడ్చిపెట్టమన్నాడాయన. నాకు పాత మర్యాద గుర్తొచ్చి బుట్టలకొద్దీ గట్టు మీద పోశాను. ఆకాశం తెల్లబడేలా దిగాయి పిట్టలు. చెరువు నీళ్లేమో మురుగుకాలవలోకి వదిలాం.

మామయ్య మనవరాలు సూక్ష్మజీవుల చదువు చదువుతోంది. నిరుడు ఆ తీరంలోనే పిట్టల రెట్టలు గొట్టాల్లోకి ఎత్తుకుంటుంటే, ఇదా చదువని నవ్వాను. ఆ రెట్టల్లోని క్రిములను పెంచిన గాజుపళ్లెం ఈమధ్య ఫోన్‌లో చూపించింది. మధ్యలో మందుబిళ్ల, మందు పనిచేస్తే చుట్టూ ఖాళీ వలయం ఉండాలట. లేదు, బిళ్ల అంచు దాకా పాకి ఉన్నాయి. మురికినీళ్లలో మందుకు అలవాటుపడ్డ క్రిములు పిట్ట కడుపులో చేరి, పిట్ట ఎగిరినంత మేరా వెళ్తాయనీ, పిట్టకు మాత్రం ఏమీ కానట్టే ఉంటుందనీ చెప్పింది. మందు పేరు చదివాను. నేను రొయ్యల మేతలో కలిపిన మందు బస్తాల మీది పేరే.

అదంతా మొన్న మామయ్యకు చెప్పేశాను.

“ఒరే కోతలరాయుడా, ఆ తువాలు కథే నయంరా! పిట్టకు పెట్టింది నా కాలికి తిరిగొచ్చిందంటావా?” అని పక్క మంచాలవాళ్లతో సహా నవ్వాడు.

“ఎక్కణ్నించి వచ్చిందో ఎవరూ చెప్పలేరు తాతయ్యా,” అంది మనవరాలు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

మామయ్య ఇడ్లీ తుంచి, కిటికీ గట్టున పెట్టమని నాకందించాడు. మా చేతిలోంచి పిట్ట ముక్కుకు నేరుగా చేప అందిన రోజుల్లో, తర్వాత చెయ్యి కడుక్కోవాలన్న ఊహే లేదు మాకు. ఇప్పుడు దాన్ని చూస్తే భయం. అది నన్ను చూసి భయపడాల్సింది. ముక్క జేబులో వేసుకుని కిటికీ మూసేశాను.

“తిందా?” అన్నాడు మామయ్య.

తిందన్నాను. ఆ మాట మాత్రం నమ్మాడు.